పళ్లెంలో మిగిలిన స్ప్రింగు

1961వ సంవత్సరం, జపాన్. యమదా ఎలక్ట్రిక్ కర్మాగారంలో ఒక బెంచీ పక్కన నిలబడి ఉన్నారు మీరు. ఎదుట పనిచేస్తున్న ఆపరేటర్ చేతుల మీదే కళ్లు పెట్టండి. తయారవుతున్నది చిన్న స్విచ్చి. దానికి రెండే బటన్లు: ఒకటి ఆన్, ఒకటి ఆఫ్. ఒక్కో బటన్ కింద ఒక్కో బుల్లి స్ప్రింగు. చెయ్యి పక్కనున్న డబ్బాలోకి వెళ్తుంది. అందులో వందల స్ప్రింగులు. ఒకటి తీసి పెట్టి, పైన బటన్ బిగిస్తుంది. మళ్లీ డబ్బా, మళ్లీ బటన్. అది పక్కకు జరగ్గానే ఇంకో స్విచ్చి.

కాసేపటికి మీ చూపే అలుస్తుంది. ఇందాకటి దాంట్లో రెండో స్ప్రింగు పడిందా? చూడటం తప్ప వేరే పనిలేని మీరే చెప్పలేరు. బటన్ కూర్చున్నాక లోపలి సంగతి బయటికి తెలియదు. డబ్బాలో తగ్గింది ఒకటో రెండో, ఎవరు లెక్కపెడతారు?

మేనేజర్ తలనొప్పి ఇదే. ఈ స్విచ్చులు క్యూషూలోని మత్సుషితా ఎలక్ట్రిక్‌కు వెళ్తాయి. అక్కడ స్ప్రింగు లేనిది ఒక్కటి బయటపడినా, ఇక్కడి నుంచి మనిషి అంత దూరం వెళ్లి, పంపిన సరుకంతా ఒక్కొక్కటిగా పరీక్షించాలి. ఆపైన చీవాట్లు. కొన్నాళ్లు అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తారు. తర్వాత మళ్లీ పరాకు, మళ్లీ ప్రయాణం.

మీ పక్కనున్నాయన షిగియో షింగో. ఫ్యాక్టరీల్లో పని తీరు చక్కదిద్దడం ఆయన వృత్తి. ఆయన ఎవరినీ మందలించరు. మనిషన్నాక మరుపు ఉంటుంది, మరిచిపోయామన్న సంగతి కూడా మరిచిపోతాం. ఆయన చెప్పే మార్పు ఇంతే: డబ్బా ముందు ఒక చిన్న పళ్లెం పెట్టండి. ప్రతి స్విచ్చికీ ముందుగా రెండు స్ప్రింగులు తీసి అందులో వేసుకోండి.

ఇప్పుడు మళ్లీ ఆ చేతుల్ని చూడండి. పళ్లెంలో రెండు. ఒకటి బటన్ కిందికి వెళ్లింది. అంతలో ఎవరో పిలిచారనుకోండి. తల అటు తిరిగింది, చేతులు అలవాటు కొద్దీ రెండో బటన్ బిగించేశాయి. చూడటానికి స్విచ్చి పూర్తయినట్టే ఉంది. కానీ పళ్లెంలో ఇంకో స్ప్రింగు! చెయ్యి ఆగింది. బటన్ ఊడదీసి, స్ప్రింగు పెట్టి, మళ్లీ బిగించింది. తప్పు జరిగింది, కానీ బెంచీ దాటలేదు. మరిచిపోకుండా కొంగున ముడి వేసుకున్నట్టు, గుర్తుంచుకునే భారం తలలోంచి బల్ల మీదికి దిగింది.

మొదటే ఒకటి మాత్రం తీస్తే? రెండుండాల్సిన చోట ఒకటే ఉంటే చూపుకే ఆనుతుంది. చూడకపోయినా, రెండో బటన్ దగ్గరికొచ్చేసరికి వేళ్లకు ఖాళీ పళ్లెం తగులుతుంది.

స్ప్రింగు మరిచిపోయే లోపం దీంతో పూర్తిగా పోయిందని షింగో తర్వాత రాశారు. పోకా-యోకే పేరుతో ఈ ఆలోచన ప్రపంచంలోని ఫ్యాక్టరీలకు పాకింది. ఇందుకోసం మేనేజర్ కొత్త యంత్రం కొనలేదు, తనిఖీకి మనుషుల్ని పెంచలేదు, పాత ఆపరేటర్లను మార్చలేదు.