వేటకుక్కల తిండి, సత్తువ (ఉత్తరాంధ్ర తీరం)

పరుగులో, వాసన పట్టడంలో, పొదల్లో దూరడంలో కుక్క ఖర్చు పెట్టే సత్తువను తిండితో, నీటితో, విశ్రాంతితో పూడ్చే పద్ధతులు ఈ వ్యాస విషయం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి జంతువును తరమడాన్ని కూడా వేటగానే లెక్కించి నిషేధిస్తుంది. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా ఇప్పుడు కాపలా కుక్కలకు, బాతుల మందల వెంట తిరిగే కుక్కలకు, పోలీసు జాగిలాలకు వర్తించే సంగతే.

తెలుగునాట పేరుపడ్డ వేటకుక్కలు ముఖ్యంగా రెండు రకాలు: కొల్లేరు పరిసరాల జోనంగి, కర్నూలు జిల్లా పత్తికొండ ప్రాంతపు పందికోన. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం ఉన్న యారాడ వంటి విశాఖ తీర గ్రామాల్లో కనిపించేవి ఎక్కువగా నాటుకుక్కలే. జోనంగి విదేశీ వర్తకుల కుక్కల సంతతి అని ఒక వాదం ఉంది. మొరగడం తక్కువ, ఒళ్లంతా పొట్టి వెంట్రుకలు అన్న పోలికలే దానికి ఆధారం కనుక, స్థానిక జాతి అనుకోవడమే సబబుగా తోస్తుంది.

పాత గ్రంథాల్లో కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుని ‘మానసోల్లాసం’ కుక్కల వినోదానికి ప్రత్యేక అధ్యాయమే కేటాయించింది. రచనా కాలం 1129 అని కొందరు, 1131 అని కొందరు. గణిత భాగంలో శక 1051 ప్రస్తావన ఉన్నందున మొదటిదానికే మొగ్గు ఎక్కువ. విశాఖ మన్యంలో చైత్రమాసపు ఇటుకల పండుగకు మగవాళ్లు వేటకు వెళ్లడం, వట్టి చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు ఎగతాళి చేయడం వలసపాలన నాటి రచనల్లోనూ నమోదైంది. మండుటెండల నెలలో సాగే వేట కనుక కుక్క సత్తువకు అది పరీక్షే.

లెక్క. విశ్రాంతిగా ఉన్న కుక్కకు రోజుకు కావలసిన కిలో కేలరీలను బరువు 0.75 ఘాతాన్ని 70తో గుణించి అంచనా కడతారు. 20 కిలోల కుక్కకు ఇది సుమారు 660. చురుగ్గా తిరిగే కుక్కకు 70 బదులు 130 వాడితే 1,230 దాకా వస్తుంది. రోజంతా కొండెక్కి దిగే కుక్కకు అంతకు రెట్టింపు పట్టవచ్చు. మంచులో బండి లాగే అలస్కా కుక్కలు పందెం రోజుల్లో 11,000 దాకా ఖర్చు చేసినట్టు 1997లో ప్రచురితమైన కొలతలున్నాయి. చలి, బరువు, రోజుల తరబడి పరుగు కలిసిన ఆ అంకెను మన కుక్కలకు ఆపాదించడం తప్పు.

చిక్కు మొత్తంలో కన్నా సాంద్రతలో ఉంది. వండిన అన్నం 100 గ్రాములకు 130 కిలో కేలరీలే ఇస్తుంది. 2,450 కావాలంటే దాదాపు 1.9 కిలోల అన్నం పెట్టాలి. 20 కిలోల కుక్క అంత తిని పరిగెత్తలేదు. అదే 50 గ్రాముల కొవ్వు సుమారు 350 గ్రాముల అన్నానికి సమానం. పైగా దీర్ఘ శ్రమలో కుక్క కండరాలు ప్రధానంగా కొవ్వునే మండిస్తాయి. పొట్టి పరుగుల్లో మాత్రం గ్లైకోజెన్ వంతు ఎక్కువ. కొవ్వును ఒక్కసారిగా పెంచితే విరేచనాలు అవుతాయి, క్లోమం వాచే ప్రమాదమూ ఉంది. కొన్ని వారాల మీద కొద్దికొద్దిగా పెంచాలి. అలాగని నూకల అన్నం, రాగి అంబలి పనికిరానివేమీ కావు. పిండిని జీర్ణించే ఏఎంవై2బి జన్యువు తోడేలులో కన్నా కుక్కలో ఎన్నో ప్రతులుగా ఉంటుందని 2013లో స్వీడన్ పరిశోధకులు చూపారు. వాటిలో తక్కువయ్యేవి మాంసకృత్తులు, కొవ్వు.

పస్తు వివాదం. ఆకలితో ఉన్న కుక్కే బాగా వేటాడుతుందన్న నమ్మకం పాతది. ఇందులో రెండు సంగతులు కలగలిసిపోయాయి. బయల్దేరే ముందు కడుపు ఖాళీగా ఉంచడం మంచిదే. నిండు కడుపుతో పరిగెత్తితే ఆయాసం పెరుగుతుంది, లోతైన ఛాతీ ఉన్న కుక్కల్లో పొట్ట ఉబ్బి మెలిపడి ప్రాణం మీదికి రావచ్చు. రోజుల తరబడి అరకొర తిండితో ఉంచడం వేరు. అలాంటి కుక్క మొదటి గంట ఉత్సాహంగానే కనిపించి తర్వాత చతికిలబడుతుంది. ముందు రోజు సాయంత్రం పూర్తి భోజనం, మధ్యలో చిన్న ముద్దలు, పని ముగిశాక వగర్పు తగ్గాక మళ్లీ భోజనం అన్న క్రమం ఎక్కువమంది పశువైద్యులు ఒప్పుకునేది. పక్కటెముకలు చేతికి తగులుతూ కంటికి కొట్టొచ్చినట్టు కనపడకపోతే ఒళ్లు సరిగ్గా ఉన్నట్టు. తూకం కన్నా ఈ పరీక్షే నమ్మదగినది.

ఉక్కపోత. కుక్కకు చెమట గ్రంథులు పాదాల్లోనే ఎక్కువ. వేడి ప్రధానంగా వగర్పుతో పోవాలి. సముద్రపు తేమగాలిలో ఆవిరి సరిగ్గా కాదు కాబట్టి యారాడ కొండ మీద 34 డిగ్రీలు రాయలసీమ 38 కన్నా కుక్కకు కష్టం కావచ్చు. ఒంటి వేడి 41 డిగ్రీలు దాటితే అది వడదెబ్బ కిందే లెక్క. తిండి సంగతి మరిచి వెంటనే చల్లని నీటితో తడపాలి. నీళ్లు మాటిమాటికీ కొద్దికొద్దిగా పట్టాలి.

చేపలు. తీరంలో చవకైన మాంసకృత్తులివే. నెత్తళ్ల వంటి కొన్ని చేపల్లో ఉండే థయామినేజ్ బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది. పచ్చిగా రోజూ పెడితే నరాల జబ్బు రావచ్చు, ఉడికిస్తే ఆ బెడద పోతుంది. ఎండుచేపలో ఉప్పు ఎక్కువ కనుక నానబెట్టి, నీళ్లు పారబోసి వండాలి. ఇంట్లో మిగిలిన పులుసు అన్నంలో కలిపి పెట్టే అలవాటు మాత్రం ప్రమాదకరం: అందులోని ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి.