సర్పగంధి వేరు - మన బి.పి. మాత్రల పూర్వకథ

పదవీ విరమణ చేసినవాళ్ళం నలుగురం ఒకచోట చేరితే మాటలు పింఛను దగ్గర మొదలై, కరువు భత్యం బకాయిల మీదుగా, చివరకు బి.పి. దగ్గర ఆగుతాయి. "ఈ ఇంగ్లీషు మందులెందుకండీ, సర్పగంధి చూర్ణం వేసుకోండి, చాలు" అని ఒకరంటారు. "నాటు మందుల్లో ఏముందండీ, అంతా భ్రమ" అని మరొకరు కొట్టిపారేస్తారు. ఇద్దరి మాటల్లోనూ సగం నిజమే ఉంది. ముప్పై ఏళ్ళకు పైగా ఫైళ్ళు తిరగేసిన అలవాటు కొద్దీ, ఈ వేరు పూర్వాపరాలను చదివి, తేదీల వారీగా మన ప్రత్యేక సంచిక పాఠకుల ముందు ఉంచుతున్నాను.

సర్పగంధి గన్నేరు కుటుంబానికి చెందిన చిన్న గుబురు మొక్క. కొందరు పాతాళగంధి అని కూడా అంటారు. తెల్లని పూలు, ఎర్రని కాడలు, పండితే నల్లబడే చిన్న కాయలు. హిమాలయాల దిగువ నుంచి అస్సాం, బర్మా, థాయిలాండ్, జావా దాకా, ఇటు పడమటి కనుమల్లోను, మన తూర్పు కనుమల్లోను అడవి నీడన పెరుగుతుంది. మందుకు పనికివచ్చేది వేరు. అది పాములా వంకరగా ఉంటుంది, నోట పెడితే చేదు.

పూర్వం దీన్ని పాము కాటుకు, తేలు కాటుకు, జ్వరానికి, నిద్ర పట్టనివారికి వాడేవారు. బీహారు ప్రాంతంలో దీనికి 'పాగల్ కీ దవా', అంటే పిచ్చికి మందు అనే పేరుండేది. అక్కడ ఏడ్చే పసిపిల్లలను నిద్రపుచ్చడానికీ వాడేవారు. పాముతో పోరాడబోయే ముంగిస ఈ ఆకు నమిలి వెళుతుందని ఒక కథ. పాము కాటుకు ఇది విరుగుడు కాదు. కాటు పడితే ఆసుపత్రిలో ఇచ్చే సూది మందే శరణ్యం. కానీ పిచ్చిని, నిద్రను గురించిన మాట మాత్రం ఊరికే పుట్టలేదు.

శాస్త్రజ్ఞులు దీన్ని రావుల్ఫియా సర్పెంటీనా అంటారు. 16వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు రావుల్ఫ్ గౌరవార్థం ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ప్లూమియే 1703లో ఈ జాతికి ఆ పేరు పెట్టారు. పేరు విదేశీయులదైనా, ఈ వేరును మొదట పరీక్షకు పెట్టినవారిలో ముఖ్యులు మనవాళ్ళే.

1931వ సంవత్సరం ఈ కథలో ముఖ్యమైనది. ఆ ఏడు ఢిల్లీలోని ఆయుర్వేద, యునానీ తిబ్బియా కళాశాలలో సలీముజ్జమాన్ సిద్దిఖీ, రఫత్ హుసేన్ సిద్దిఖీ అనే రసాయన శాస్త్రజ్ఞులు ఈ వేరు నుంచి అయిదు క్షారపదార్థాలను వేరుచేసి ప్రకటించారు. వాటిలో ఒకదానికి ఆ కళాశాల స్థాపనకు మూలపురుషుడైన హకీం అజ్మల్ ఖాన్ పేరు మీద అజ్మలైన్ అని పేరు పెట్టారు. అది తరువాత గుండె లయ తప్పిన జబ్బులకు మందుగా పనికివచ్చింది. అదే 1931లో కలకత్తాలో గణనాథ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు, ఈ వేరు పొడి ఉన్మాదాన్ని శాంతింపజేయడమే గాక రక్తపు పోటును కూడా తగ్గిస్తున్నదని ఒక భారతీయ వైద్య పత్రికలో వ్రాశారు. 1933లో కలకత్తాలోనే రామ్‌నాథ్ చోప్రా, ఆయన సహచరులు ఆ ప్రభావాన్ని ప్రయోగాలలో పరీక్షించి ప్రకటించారు.

తరువాత ఏం జరిగిందంటే, బయటి ప్రపంచంలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మన భాషలో చెప్పాలంటే ఫైలు పెండింగులో పడింది. మన దేశంలో డాక్టర్లు మాత్రం ఈ మందును వాడుతూనే వచ్చారు. వారిలో బొంబాయి హృద్రోగ నిపుణుడు డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ ఒకరు. ఆయన 50 మంది రోగుల లెక్కలు శ్రద్ధగా వ్రాసి, 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించారు. ఫైలు కదిలింది అప్పుడు. 1931 నుంచి 1949 దాకా 18 ఏళ్ళు!

ఆ పైన అంతా వేగంగా జరిగింది. అమెరికాలో బోస్టన్ నగరపు డాక్టర్ విల్కిన్స్ ఈ మందును పరీక్షించారు. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ శాస్త్రజ్ఞులు ముల్లర్, ష్లిట్లర్, బైన్ వేరులోని అసలు సత్తువను పట్టుకున్నారు. దాని పేరే రిసర్పిన్. 1954లో న్యూయార్క్ రాష్ట్రంలో డాక్టర్ నేథన్ క్లైన్ మానసిక రోగులలో దీని గుణాన్ని గురించి ప్రకటించారు. బీహారు పల్లె జనం పెట్టిన పేరుకు అలా ముద్ర పడింది. 1956లో హార్వర్డ్ ఆచార్యుడు వుడ్‌వర్డ్ రిసర్పిన్‌ను వేరుతో పని లేకుండా ప్రయోగశాలలోనే తయారుచేశారు. 1957లో అమెరికావారి లాస్కర్ పురస్కారం అందుకున్నవారిలో వకీల్, క్లైన్ ఇద్దరూ ఉన్నారు.

బి.పి. తగ్గిస్తే ప్రాణం నిలుస్తుందని రుజువు చేయడంలోనూ రిసర్పిన్‌కు వాటా ఉంది. 1967లో అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులలో జరిగిన అధ్యయనం ఫలితాలు వెలువడ్డాయి. బి.పి. బాగా ఎక్కువగా ఉన్న 143 మంది పురుషులలో సగం మందికి రిసర్పిన్‌తో పాటు మరి రెండు మందులు ఇచ్చారు. మిగిలినవారికి మందు లేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. ఉత్తుత్తి మాత్రల వారిలో 27 మందికి తీవ్రమైన ఉపద్రవాలు రాగా, మందు వాడినవారిలో ఇద్దరికే వచ్చాయి. ఈ రోజు మనం ఉదయాన్నే ఏ కంపెనీ మాత్ర వేసుకున్నా, దాని వెనుక ఇటువంటి లెక్కలున్నాయి. నేను ఉద్యోగంలో చేరిన 1970లలో మా సూపరింటెండెంటుగారి సొరుగులో స్టాంపు ప్యాడు పక్కన అడెల్ఫేన్ మాత్రల పట్టీ ఎప్పుడూ ఉండేది. అందులోనూ రిసర్పిన్ ఉన్న సంగతి నాకు ఈ మధ్య చదివినప్పుడే తెలిసింది.

ఇక రెండో వైపు. ఈ మందు నరాల చివర నిల్వ ఉండే కొన్ని పదార్థాలను ఖాళీ చేస్తుంది. పోటు తగ్గేదీ అందుకే, మనసు శాంతించేదీ అందుకే. ఇబ్బందులూ అక్కడి నుంచే వస్తాయి. ముక్కు దిబ్బడ, నాడి మందగించడం, మత్తు, కడుపులో పుండ్లు, కొందరిలో తీవ్రమైన దిగులు. దిగులుకు ఇదే కారణమా అన్నదానిపై నిపుణులు తరువాత వాదించుకున్నా, దిగులు జబ్బు ఉన్నవారికి దీన్ని ఇవ్వరాదన్న హెచ్చరిక నిలిచింది. అంతకంటె మేలైన మందులు రావడంతో రిసర్పిన్ వాడకం క్రమంగా తగ్గిపోయింది.

ఆ ఇబ్బందుల నుంచి కూడా ఒక మేలు పుట్టింది. 1957లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ రిసర్పిన్ ఇచ్చి కదలక పడి ఉన్న జంతువులకు ఎల్-డోపా అనే పదార్థం ఇస్తే అవి మళ్ళీ లేచి తిరిగాయని చూపారు. వణుకుడు జబ్బుకు, అంటే పార్కిన్సన్ వ్యాధికి ఇప్పటికీ ఇస్తున్న మందుకు దారి చూపిన ప్రయోగాలలో ఇది ముఖ్యమైనది. ఆయనకు 2000లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. మన సభ్యులలో ఆ మందు వాడేవారికి ఈ సంగతి చెప్పవలసినదే.

ఇదంతా చదివాక నాకు తోచింది ఇది. నాటు మందు అని నవ్వేవారు 1931 నాటి మనవారి కృషిని మరచిపోకూడదు. చూర్ణం చాలనేవారు ఆ కృషి దేనికోసమో మరచిపోకూడదు. అది మోతాదు కోసం. రిసర్పిన్ మాత్రలో ఉండేది మిల్లీగ్రాములో పావు వంతో, అంతకన్నా తక్కువో. ఒక వేరులో ఉన్నంత సత్తువ మరొక వేరులో ఉండదు. చెంచాతో కొలిస్తే అది తెలియదు. ఇప్పటికే బి.పి. మాత్ర వేసుకుంటున్నవారు దానిపైన చూర్ణం కలిపితే పోటు, నాడి మరీ పడిపోవచ్చు. మాత్ర ఆపి చూర్ణం పట్టుకుంటే పోటు ఎటుపోతుందో తెలియదు. మన వయసులో స్నానాల గదిలో ఒక్కసారి కళ్ళు తిరిగి పడితే చాలు, తుంటి ఎముక విరుగుతుంది. వాడదలచినవారు వైద్యుడికి, అల్లోపతి గాని ఆయుర్వేదం గాని, వేసుకునే మాత్రలన్నీ చూపించి అడిగిన తరువాతే వాడాలి.

మరొక మాట. వేరు కావాలంటే మొక్కను పీకవలసిందే. అలా పీకిపీకి అడవుల్లో ఇది అరుదైపోయింది. 1990 నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో చేర్చి కాపాడుతున్నారు. పెరట్లో చోటున్నవారు ఒక మొక్క నాటి, మనుమలకు దాని కథ చెబితే బాగుంటుంది. వేరు మాత్రం భూమిలోనే ఉండనివ్వండి.

సభ్యులందరూ, వారి కుటుంబాలవారూ ఆయురారోగ్యాలతో ఉండాలని కోరుకుంటూ సెలవు.