రేకు, సిలికాన్, ఒక రాత్రి

బరంపురం, టాటా బెంజ్ స్క్వేర్ దగ్గర ఓ షెడ్డు. మీరిప్పుడు గోతిలో నిలబడి ఉన్నారు. తల మీద ఆల్టో కారు. తప్తపాణి ఘాట్‌రోడ్డులో రాయి తగిలి సొట్టపడ్డ ఆయిల్ చాంబర్‌ని విప్పి బల్ల మీద పెట్టారు. ఇంజన్ లోంచి ఆయిల్ ఇంకా ఒక్కో బొట్టు జారి మీ మణికట్టు మీద పడుతోంది. అది ఆగేదాకా మేస్త్రి సిలికాన్ ట్యూబు ముట్టుకోడు.

"తొందరపడకండి బాబూ. జిడ్డు మీద ఏదీ అంటుకోదు."

పాత సిలికాన్ పొరని గీకి, పెట్రోలు గుడ్డతో తుడిచాక చాంబర్‌ని గాజుపలక మీద బోర్లిస్తాడు. వంగి చూడండి. బోల్టు చిల్లుల దగ్గర అంచు ఉబ్బింది. ఎవరో బలమంతా పెట్టి బిగించారు. లీకు పుట్టేది అక్కడే. కింద ఇనుప దిమ్మె ఆనించి, చిన్న సుత్తితో ఒక్కో చిల్లునీ చదును చేస్తాడు.

ఇప్పుడు సిలికాన్. మూడు మిల్లీమీటర్ల మందాన, ఎక్కడా తెగకుండా, చిల్లులకి లోపలి వైపుగా ధార సాగుతుంది. కుర్రాడు ఒడియాలో అడుగుతాడు, ఇంకొంచెం రాయనా అని. మేస్త్రి తెలుగులోనే జవాబిస్తాడు. 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరిది, రెండు భాషలూ చాలామందికి వచ్చు.

"చాల్రా. ఎక్కువైతే లోపలికి పొంగుద్ది. ఆ ముక్క ఊడి జల్లెడకి అడ్డం పడితే పంపుకి ఆయిల్ అందదు, బేరింగులు పోతాయి."

సిలికాన్ గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది. గోపాల్‌పూర్ సముద్రం ఇక్కడికి పదహారు కిలోమీటర్లే, గాలి నిండా తేమ. పైపొర కట్టకముందే చాంబర్ ఎక్కాలి. మీరు రెండు చేతులా పట్టుకోండి, పక్కకి జరపకుండా నిటారుగా. బోల్టులన్నీ ముందు వేళ్లతోనే. తర్వాత పది నంబరు స్పానర్‌తో నడిమి నుంచి చివరలకి, ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా. అంచు వెంట సన్నటి గీతలా సిలికాన్ బయటికి రాగానే మేస్త్రి చెయ్యి తేలికవుతుంది. ఈ పనికి కండబలం అక్కర్లేదు, శుభ్రమూ చదునూ చాలు.

ఓనరు సాయంత్రానికే బండి కావాలంటాడు. "రేపు పొద్దున్నే ఆయిల్ పోస్తాను సార్. ఈ ఒక్క రాత్రి వదిలెయ్యండి," అంటాడు మేస్త్రి, చేతులు తుడుచుకుంటూ.

ఆ మాట వినండి. ఆరకముందే ఆయిల్ పోస్తే ఇంత శ్రమా మళ్లీ మొదటికే వస్తుంది.