ప్లేగు శాసనమును పురపాలక సంఘములును

1897వ సంవత్సరము ఫిబ్రవరి 4వ తేదీన కలకత్తాలో గవర్నరు జనరలు శాసనసభ ఒక చిన్న చట్టమును ఆమోదించెను. అంటురోగముల చట్టమని దాని పేరు. దానిలో ఉన్నవి నాలుగే సెక్షనులు. అపాయకరమైన అంటురోగము దేశమున ఏ భాగమునందైనను ప్రబలినప్పుడు, లేక ప్రబలునను భయము కలిగినప్పుడు, వాడుకలో నున్న చట్టములు చాలవని తోచినచో, ప్రభుత్వము తనకు యుక్తమని తోచిన ఏర్పాటులను చేయవచ్చునని ఆ చట్టము చెప్పెను. రైలులోనో మరియొక విధముగనో ప్రయాణము చేయువారిని పరీక్షించుటకును, రోగము సోకినదని అనుమానము కలిగినవారిని ఆసుపత్రులయందో తాత్కాలికపు వసతులయందో వేరుచేసి ఉంచుటకును దానివలన అధికారము లభించెను. ఆజ్ఞను మీరినవారు శిక్షాస్మృతి ననుసరించి శిక్షార్హులు. సద్భావముతో చేసిన పనికి ఏ అధికారిపైనను దావా చెల్లదు. బిల్లును సభలో ప్రవేశపెట్టిన జాన్ వుడ్‌బర్న్ ఈ అధికారములు అసాధారణములే యని ఒప్పుకొనుచు, కాలమునుబట్టి అవి అవసరములని వాదించెను.

నగరపు వీధులు, మురుగుకాలువలు, త్రాగునీరు, ప్రజారోగ్యము స్థానికుల ప్రతినిధుల చేతిలో ఉండవలెనను సూత్రమును రిప్పను ప్రభువు 1882వ సంవత్సరపు తీర్మానములో ప్రకటించి యుండెను. 1888వ సంవత్సరపు శాసనము ప్రకారము బొంబాయి కార్పొరేషనులో 72 మంది సభ్యులు; వారిలో సగముమందిని పన్నులు కట్టువారు వార్డుల వారీగా ఎన్నుకొనుచుండిరి. పనులు జరిపించు అధికారము ప్రభుత్వము నియమించిన కమిషనరుది. నిధులపై అధికారము కార్పొరేషనుది. అయితే 1897వ సంవత్సరపు చట్టములో ఇట్టి సంఘములను సంప్రదింపవలెనను నియమమేదియు లేదు. ఆ తరువాతి మూడేండ్లలో బొంబాయి, పూనా, కలకత్తా నగరములలో జరిగిన సంగతులను పరిశీలించినచో ఈ లోపము ఎంత పెద్దదో తెలియగలదు.

ప్లేగు కథకు మొదటి ఘట్టము బొంబాయి. 1896వ సంవత్సరము సెప్టెంబరులో రేవు సమీపమున ధాన్యపు కొట్లతో నిండియున్న మాండ్వీ ప్రాంతమున కొందరు జ్వరముతోను, గజ్జలలో బిళ్ళలతోను మరణింపసాగిరి. ఆ పేటలో వైద్యము చేయుచుండిన డాక్టరు అకాసియో గాబ్రియేల్ వియేగాస్ ఆ వ్యాధి ప్లేగే యని గుర్తించెను. ఆయన గోవా వంశీకుడు; కార్పొరేషను సభ్యుడు. వైద్యునిగా తాను కనుగొన్న విషయమును సభ్యునిగా స్థాయీ సంఘము ముందు బయలుపరచెను. నగరపు రేవును వర్తకమును తలచుకొన్నవారికి ఆ మాట రుచింపలేదు. ప్లేగు అని నోటితో అనుటకు వెనుదీసి కొంతకాలము అనుమానపు జ్వరమనియు, బిళ్ళల జ్వరమనియు చెప్పుకొనిరి. స్థానిక సంఘమునకు గల బలమును బలహీనతయు ఈ ఒక్క సంఘటనలోనే కానవచ్చును. రోగమును కనుగొన్నవాడు ఆ సంఘమువాడే. దాని పేరు పలుకుటకు సందేహించినవారును అచ్చటివారే.

అక్టోబరు 6వ తేదీన మునిసిపలు కమిషనరు పి. సి. హెచ్. స్నో తీవ్రమైన ఆజ్ఞ నొకదానిని వెలువరించెను. రోగులను బలవంతముగానైనను వేరుచేసి ఆసుపత్రికి తరలింపవచ్చునని దాని తాత్పర్యము. ఇది అంటురోగముల చట్టము పుట్టుటకు పూర్వము, మునిసిపలు చట్టము క్రిందనే జరిగినది. ప్రజలు హడలిపోయిరి. ఆసుపత్రికి పోయినవాడు తిరిగి రాడని వాడుక పుట్టెను. అన్యులు వండిన అన్నము తినవలసివచ్చుననియు, స్త్రీలను పరపురుషులు తాకుదురనియు, మృతదేహములకు కర్మలు జరుగవనియు భయపడిరి. అక్టోబరు 29వ తేదీన సుమారు వేయిమంది మిల్లు కూలీలు ఆర్థర్ రోడ్డు ఆసుపత్రిపై దాడిచేసిరి.

అంతకంటె పెద్ద అపాయము మరియొక దిక్కున పొంచియుండెను. నగరపు మరుగుదొడ్లను శుభ్రపరచి మలినమును మోసుకొనిపోవువారు బొంబాయిని విడిచిపోవుదురను వదంతి వ్యాపించెను. ఎనిమిది లక్షలకు మించిన జనము గల నగరమున ఆ పని ఒక వారము నిలిచిపోయినచో ప్లేగు నాపువాడు ఉండడు. స్నో ఈ సంగతిని గ్రహించెను. అక్టోబరు ముగియునప్పటికి ఆజ్ఞ సడలినది. ఇంటనే తగినట్లు వేరుగా ఉంచి వైద్యము చేయించగలిగినచో రోగిని తరలింప నక్కరలేదని ప్రకటన వెలువడెను.

ఈ వెనుకంజను పిరికితనమని నిందించినవారు కలరు. కాని దానిలో ఒక పాలనానుభవము ఇమిడియున్నది. ఆజ్ఞను అమలుజరుపువాడు మనుష్యుల సహాయముతోనే అమలుజరుపవలెను. ఎవరి చేతులతో నగరము శుభ్రపడుచున్నదో వారే పారిపోయినచో ఆజ్ఞకు విలువ ఏమున్నది? కార్పొరేషనులో ఆ పనివారికి ప్రతినిధి లేడు, వోటు లేదు. అయినను బొంబాయిలో మొదటి నిర్బంధపు ఆజ్ఞను మెత్తపరచిన కారణములలో వారిని గూర్చిన భయము ముఖ్యమైనది.

ఈలోగా ఒత్తిడి సముద్రము ఆవలినుండి వచ్చెను. 1897వ సంవత్సరము ఫిబ్రవరి, మార్చి నెలలలో ప్లేగును గూర్చి వెనిసు నగరమున అంతర్జాతీయ సభ కూడెను. బొంబాయి సరకులకు ఐరోపా రేవులు మూతపడునను భయము ప్రభుత్వమును కలవరపెట్టెను. ఆ సంవత్సరము హజ్ యాత్రకు పోవువారిని ఆపివేసిరి. కలకత్తాలో చట్టము అంత త్వరగా పుట్టుటకు ఇది ముఖ్యకారణము. మార్చిలో బొంబాయి ప్రభుత్వము జనరలు గాటేకర్ అధ్యక్షతను ఒక ప్లేగు కమిటీని నియమించి, ఆరోగ్య విషయమున కార్పొరేషను అధికారములను దానికి అప్పగించెను. ఎన్నికైన సభ ఒక ప్రక్క నిలిచి చూడవలసివచ్చెను.

ఇండ్లు సోదాచేసిరి. నివాసయోగ్యము కాదని తేలిన ఇండ్లపై యు. హెచ్. హెచ్. అను మూడక్షరములు వ్రాసిరి. గోడలకు సున్నము, నేలకు కార్బాలికు ద్రావకము, మురుగుకాలువలకు సముద్రపు నీరు. గాటేకర్ కఠినుడేయైనను లోకజ్ఞానము కలవాడు; పార్సీలు, జైనులు, భాటియాలు, ముస్లిములు మున్నగు వర్గములవారు తమతమ ఆసుపత్రులను నెలకొల్పుకొనుటకు అనుమతించెను. అట్లయినను 1898వ సంవత్సరము మార్చి 9వ తేదీన ముస్లిము నేతపనివారి పేటలో, జబ్బుపడిన ఒక బాలికను పరీక్షించి కొనిపోవుటకు సోదావారు యత్నింపగా, పెద్ద అల్లరి పుట్టి కాల్పులవరకు పోయెను.

పూనాలో జరిగినది ఇంకను ఘోరము. అచ్చట ప్లేగు కమిటీకి అధ్యక్షుడు డబ్ల్యు. సి. ర్యాండ్. ఆయన 1897వ సంవత్సరము మార్చి మొదలు మే వరకు గోరా సైనికులచేత ఇండ్లు సోదాచేయించెను. సైనికులు వంటయిండ్లలోనికి, పూజగదులలోనికి చొరబడిరనియు, స్త్రీలను వీధిలో నిలిపి పరీక్షించిరనియు ఊరంతయు గగ్గోలుపడినది. ఊరిపెద్దల విన్నపములు ఫలింపలేదు.

పూనా నాయకులు రోగులను వేరుచేయుటయే తప్పని వాదింపలేదు. 1895లో పూనా పురపాలక సంఘమునకు ఎన్నికైన బాలగంగాధర తిలకు, ధనికులు ఊరు విడిచి పారిపోవుచుండగా తాను ఊరిలోనే నిలిచి, హిందువుల కొరకు ఒక ప్లేగు ఆసుపత్రిని నడపెను. ఆయన ఖండించినది పద్ధతిని. సావిత్రీబాయి ఫూలే తన పెంపుడు కుమారుడు డాక్టరు యశ్వంతు పూనా వెలుపల తెరచిన వైద్యశాలలో రోగులకు సేవచేయుచు, ప్లేగు సోకి 1897వ సంవత్సరము మార్చి 10వ తేదీన మరణించెను. సైనికుల సోదాలు అప్పుడే మొదలగుచుండెను. ఆమె సేవకు చట్టము అవసరము కాలేదు. రోగులకు ఆమెయందు గల నమ్మకమే చాలినది.

జూను 22వ తేదీ రాత్రి, విక్టోరియా రాణి వజ్రోత్సవమునుండి తిరిగివచ్చుచుండగా ర్యాండ్‌ను చాపేకరు సోదరులు కాల్చిరి. ఆయన జూలై 3వ తేదీన మరణించెను. వెనుక బండిలో నుండిన లెఫ్టినెంటు అయర్‌స్టు అక్కడికక్కడే ప్రాణములు విడిచెను. దామోదర చాపేకరును 1898లో ఉరితీసిరి. తిలకుపై రాజద్రోహము మోపి పదునెనిమిది నెలల శిక్ష విధించిరి. ప్లేగు మాత్రము పూనాను విడువలేదు. సోదాలు ముగిసిన తరువాతి నెలలలోనే అది మరింత తీవ్రముగ తిరిగివచ్చెను.

ఇంతలో కలకత్తా వంతు వచ్చెను. 1898వ సంవత్సరము ఏప్రిలు చివర అచ్చట ప్లేగు కలదని ప్రభుత్వము ప్రకటించెను. అప్పుడు బెంగాలు లెఫ్టినెంటు గవర్నరుగా నున్నది ఎవరు? పూర్వము అంటురోగముల బిల్లును ప్రవేశపెట్టిన జాన్ వుడ్‌బర్న్. బలవంతముగా టీకాలు వేయుదురను పుకారు పుట్టి, వేలకొలది జనము నగరమును విడిచిపోయెను. టీకాలవారని అనుమానము కలిగినవారిపై వీధులలో దాడులు జరిగెను. వుడ్‌బర్న్ తాను సంపాదించి పెట్టిన అధికారమును ఉపయోగించుటకు తొందరపడలేదు. ఎవరికిని బలవంతముగా టీకా వేయమని అభయమిచ్చెను. వసతి కలవారు రోగిని ఇంటనే వేరుగా ఉంచుకొనవచ్చునని ప్రకటించెను. వార్డులలో స్థానికుల సహాయమును కోరెను. వివేకానందస్వామి భయపడవలదని ప్రజలకు ఒక ప్రకటన వెలువరించెను. మరుసటి యేట నివేదిత బాగ్‌బజారు పరిసరములలో వీధులు శుభ్రపరచు పనికి పూనుకొనెను. ఒక్క యేడాదిలో అధికారి నేర్చుకొన్న పాఠమును చట్టము మాత్రము నేర్చుకొనలేదు.

అదే కాలమున కలకత్తా పురపాలక సంఘము వేరొక దెబ్బ తినెను. వుడ్‌బర్న్‌కు ముందు లెఫ్టినెంటు గవర్నరుగా నుండిన అలెగ్జాండరు మెకెంజీ, ఈ సంఘమున మాటలు మెండనియు పనులు ఆలస్యమగుచున్నవనియు నిందించి, దాని రూపమునే మార్చు బిల్లును ప్రారంభించెను. 75 మంది సభ్యులలో 50 మంది ఎన్నికైనవారుండగా, 1899వ సంవత్సరపు చట్టము సభ్యులను 50కిని, ఎన్నికైనవారిని 25కిని తగ్గించెను. ముఖ్యాధికారములు పన్నెండుగురుండు ఒక సంఘమునకు పోయెను; దానిలో వార్డుల ప్రతినిధులు ఎన్నుకొనువారు నలుగురే. సురేంద్రనాథ బెనర్జీతో కూడ 28 మంది సభ్యులు రాజీనామా చేసిరి.

పురపాలక సంఘముల పక్షమున అన్నియు ఒప్పులే అనుట చరిత్రకు న్యాయము కాదు. వానిలో కూర్చుండినవారిలో భూస్వాములు, వర్తకులు, ప్లీడర్లు హెచ్చు. బొంబాయిలో చాల్ అని పిలువబడు ఇరుకు కొట్టిళ్ళ వరుసలను కట్టి అద్దెలు గడించినవారికి ఆ సభలో పలుకుబడి ఉండెను. ఆ గదులలో ఒక్కొక్కదానిలో పదిమంది చొప్పున పండుకొనిన కూలీలకు లేదు. మురుగుకాలువలకు డబ్బు వ్యయముచేయవలెనన్నప్పుడు పన్ను పెరుగునను గొణుగుడు వినవచ్చుచుండెను. 1898లో ప్రభుత్వము కార్పొరేషనుతో నిమిత్తము లేకుండ నగరాభివృద్ధి ట్రస్టును వేరుగా స్థాపించుటకు ఈ అలసత్వమును ఒక కారణముగా చూపగలిగెను. కాబట్టి స్థానిక సంఘముల ప్రతిఘటనలో స్వార్థమును కలదు, వివేకమును కలదు. ఈ రెంటిని వేరుచేసి చూడవలెను.

వివేకము ఎంతటిదో తరువాతి శాస్త్రపరిశోధన తేల్చినది. ప్లేగు క్రిమిని యెర్సిను 1894లోనే హాంకాంగునందు కనుగొనెను. అది ఎలుకలమీది గోమారులవలన మనుష్యులకు సంక్రమించునని సిమాండు 1898లో కరాచీలో చూపగా, మొదట ఎవరును నమ్మలేదు; 1905 తరువాత ప్లేగు పరిశోధకుల సంఘము ప్రయోగములతో నిరూపించెను. బిళ్ళల ప్లేగు చాలవరకు మనిషినుండి మనిషికి నేరుగా అంటుకొనదు. అనగా తల్లి ఒడినుండి బిడ్డను వేరుచేసి బండిలోనికి ఎక్కించిన అధికారి, అసలు శత్రువును ధాన్యపు కొట్టులోనే విడిచిపెట్టి పోయెను. మురుగుకాలువలలోనికి పంపిన మందునీరు ఎలుకలను ప్రక్క ఇండ్లలోనికి తరిమియుండవచ్చును. దక్కను గ్రామములలో ఎలుకలు రాలుట చూడగానే ఇండ్లు విడిచి పొలములలో పాకలు వేసుకొన్న రైతులు, కారణము తెలియకయే, సరియైన పని చేసిరి.

అయినను అధికారుల పొరపాటు శాస్త్రజ్ఞానపు లోపము మాత్రమే కాదు. ఆనాటికి ఎవరికిని తెలియని విషయము తెలియనందుకు ఎవరినైనను తప్పుపట్టరాదు. తెలియనప్పుడు తెలిసినవారిని అడుగుట కర్తవ్యము. ఏ వీధిలో ఏ కులమువారు నీరు ఎచ్చట పట్టుకొందురో, ఎవరి మాట ఏ పేటలో చెల్లునో, ఏ పనివారు పోయినచో నగరము స్తంభించునో సైన్యమునకు తెలియదు; వార్డు సభ్యునికి కొంత తెలియును, ఆ పేట కూలీకి అంతకంటె ఎక్కువ తెలియును. మొదటి చట్టము వార్డు సభ్యుని ప్రక్కకు త్రోసెను. వార్డు సభ్యుడు అంతకుముందే కూలీని ప్రక్కకు త్రోసి యుండెను. రెండు త్రోపుల ఫలితమును రోగియే అనుభవించెను. రోగమును దాచిపెట్టుట, రాత్రివేళ మృతులను రహస్యముగా తరలించుట, ఊరు విడిచి పారిపోవుట అప్పటి ప్రజలకు మిగిలిన వోటు హక్కులు. 1900 నాటికి ప్రభుత్వము నిర్బంధమును చాలవరకు విడిచి, ఒప్పించు మార్గమును పట్టవలసివచ్చెను. 1896 మొదలు పాతికేండ్లలో ప్లేగు ఈ దేశమున సుమారు కోటిమందిని బలిగొన్నది.

1899లో రాజీనామా చేసిన సురేంద్రనాథ బెనర్జీ, బెంగాలులో స్థానిక స్వపరిపాలన మంత్రియై, 1923లో కలకత్తా పురపాలక సంఘమునకు క్రొత్త చట్టమును తెచ్చి ఎన్నికైనవారి ఆధిక్యమును తిరిగి నెలకొల్పెను. మరుసటి యేట చిత్తరంజను దాసు ఆ నగరమునకు మొదటి మేయరు అయ్యెను. అంటురోగముల చట్టము మాత్రము మారక నిలిచెను. 2020వ సంవత్సరము మార్చిలో కోవిడు వ్యాపించినప్పుడు రాష్ట్రములు ఆశ్రయించినది 1897వ సంవత్సరపు ఆ రెండవ సెక్షనునే. ఆ యేటనే వైద్యసిబ్బంది రక్షణకై దానిని సవరించిరి. కాని ఊరిని మూయవలసివచ్చినప్పుడు ఆ ఊరి సంఘమును, ఆ సంఘములో చోటు లేనివారిని ఎవరు అడుగవలెను అను ప్రశ్నకు బొంబాయి, పూనా, కలకత్తాలు 1896 మొదలు మూడేండ్లలో చెల్లించిన మూల్యము తగిన సమాధానముగ నిలిచియున్నది.