జవాను చేతి నుంచి జనతా చేతికి

1964లో అమెరికా సైన్యం తన సిపాయిల కోసం ఒక చవక చేతి గడియారానికి నిబంధనలు రాయించింది. కీ ఇస్తే నడవాలి. చీకట్లోనూ అంకెలు కనబడాలి. ధర తక్కువ ఉండాలి. చెడిపోతే బాగుచేసే పని పెట్టుకోకూడదు, పారేసి ఇంకొకటి ఇవ్వాలి. ఆ పద్ధతిలో తయారైన వాచీలే వియత్నాం యుద్ధంలో సిపాయిల ముంజేతుల మీద తిరిగాయి.

అవే రోజుల్లో బెంగళూరులో దాదాపు అలాంటి వాచీయే తయారవుతోంది. అదీ చవకే, అదీ కీ ఇచ్చేదే. కానీ దాన్ని పారేయాలన్న ఆలోచన కొన్నవాళ్లెవరికీ రాలేదు. తండ్రి ఉద్యోగంలో చేరినప్పుడు కొన్న వాచీని కొడుకు డిగ్రీ పరీక్షలకు పెట్టుకెళ్లాడు. ఒకే రకం వస్తువు అక్కడ వాడి పారేసే సరుకు, ఇక్కడ ఇంటి ఆస్తి ఎలా అయింది? ఆ బెంగళూరు వాచీ పేరు హెచ్ఎంటీ. దాని చరిత్రలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టుకున్న ప్రశ్న ఇదే.

సైనికుల వాచీ కథ మొదటి ప్రపంచ యుద్ధంతో ఊపందుకుంది. అంతకుముందు మగవాళ్లు గొలుసు గడియారాన్ని జేబులో పెట్టుకునేవారు, చేతికి కట్టుకునేది ఆడవాళ్ల అలంకారమని యూరప్ అనుకునేది. కందకంలో ఒక చేత్తో తుపాకీ పట్టుకుని రెండో చేత్తో జేబు వెతుక్కోవడం కుదరదు. ఫిరంగులు ఎన్ని గంటలకు ఆగుతాయో, కాల్బలం ఎప్పుడు ముందుకు కదలాలో నిమిషాల లెక్కన నిర్ణయించే యుద్ధం అది. దాంతో గడియారం ముంజేతి మీదికి ఎక్కింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి బ్రిటన్ రక్షణ శాఖ తనకు కావలసినదాన్ని కచ్చితంగా చెప్పగలిగింది: నల్లటి డయల్, తెల్లటి పెద్ద అంకెలు, చీకట్లో వెలిగే ముళ్లు, నీళ్లు చొరబడని కేసు, పగలని అద్దం. ఒమేగా, లాంజీన్స్ సహా 12 కంపెనీలు ఆ కొలతలకు వాచీలు చేసి ఇచ్చాయి. అలంకారం ఏమీ లేని ఆ ముఖమే తర్వాత ఫీల్డ్ వాచీకి, అంటే యుద్ధరంగపు వాచీకి, ఆనవాలుగా నిలిచిపోయింది.

మన దేశంలో స్వాతంత్ర్యానికి ముందూ, వచ్చిన కొత్తల్లోనూ చేతి గడియారమంటే స్విస్ సరుకే. బొంబాయి, కలకత్తాల్లో వ్యాపారం చేసిన వెస్ట్ ఎండ్ కంపెనీ తన వాచీకి అశ్వికదళ సిపాయిని తలచుకుని సోవార్ అని పేరు పెట్టింది. ఫావ్ర్ లూబా పేరు మన పాత తరానికి బాగా తెలుసు. అయితే అవి చేతిలో నాలుగు డబ్బులున్నవాళ్ల వస్తువులు. దిగుమతుల మీద ఆంక్షలు వచ్చాక దొంగరవాణా సరుకు పెరిగింది. బడిపంతులుకూ గుమాస్తాకూ వాచీ అందని వస్తువుగానే ఉండిపోయింది.

యంత్ర పరికరాలు తయారుచేయడానికి 1953లో బెంగళూరులో పుట్టిన ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ మెషిన్ టూల్స్, పొట్టిగా హెచ్ఎంటీ. అది 1961లో జపాన్‌కు చెందిన సిటిజన్ కంపెనీ సహకారంతో గడియారాల తయారీకి దిగింది. మొదటి వాచీలను విడుదల చేసింది ప్రధాని నెహ్రూ. మొదట్లో జపాన్ నుంచి వచ్చిన భాగాలను ఇక్కడ కూర్చేవారు. క్రమంగా ఒక్కో భాగాన్నీ ఇక్కడే చేయడం నేర్చుకున్నారు. తర్వాత శ్రీనగర్, తుమకూరు, రాణీబాగ్‌లలో కూడా కర్మాగారాలు వచ్చాయి. హైదరాబాద్ నర్సాపూర్ రోడ్డులోని హెచ్ఎంటీ మాత్రం యంత్ర పరికరాలది, వాచీలది కాదు.

ఆ కర్మాగారాల నుంచి వచ్చిన పేర్లు చూడండి: జనతా, పైలట్, జవాన్, సైనిక్. జనతాది అందరికీ నప్పే తేట ముఖం. పైలట్‌ది నల్లటి డయల్, దాని మీద కొట్టొచ్చినట్టు కనబడే అంకెలు. జవాన్ డయల్ లోపలి వలయంలో 13 నుంచి 24 దాకా సైనిక లెక్క గంటలు కూడా ఉంటాయి. ముఖాలు ఇన్ని రకాలైనా మూత విప్పితే చాలావాటి లోపల ఉండే యంత్రం ఒకటే. దాని నంబరు 0231. 17 రాళ్లు, అంటే చక్రాల ఇరుసులు అరిగిపోకుండా బిగించిన కృత్రిమ కెంపులు. సాధారణ జీవితంలో చేతికి తగిలే దెబ్బలు తట్టుకోవడానికి పారాషాక్ అనే ఏర్పాటు. తేదీ లేదు, వారం లేదు, తనంతట తాను కీ తిప్పుకునే హంగూ లేదు.

మొదట అడిగిన ప్రశ్నకు జవాబు నాకు ఇక్కడే దొరికింది. ఏళ్ల తరబడి ఒకే యంత్రాన్ని లక్షల సంఖ్యలో చేయడం వల్ల ధర తగ్గింది. అదే కారణంగా దాన్ని బాగుచేయడం ఊరూరా తెలిసిన విద్య అయింది. బస్టాండు పక్కన, అద్దాల పెట్టె ముందు, కంటికి భూతద్దం బిగించుకుని కూర్చున్న మెకానిక్‌కు ఆ యంత్రం చీకట్లో విప్పినా తెలిసినంత పరిచయం. విరిగిన ఇరుసుకు బదులు ఇంకో చచ్చిన వాచీలోంచి మంచి ఇరుసు తీసి వేసేవాడు. పైలట్ భాగం జనతాకు సరిపోయేది, జనతా భాగం జవాన్‌కు సరిపోయేది. మామూలు ఇత్తడి, ఉక్కులతో చేసిన యంత్రమే అది. విప్పగలిగేలా ఉండటం, విప్పడం తెలిసినవాడు నడిచి వెళ్లేంత దూరంలో ఉండటం, ఈ రెండూ కలిసి దానికి అంత ఆయుష్షు పోశాయి. అమెరికా నిబంధన రాసినవాళ్లు బాగుచేసే ఖర్చు కంటే కొత్తది కొనడం చవక అని లెక్క వేసుకున్నారు. మన దగ్గర ఆ లెక్క తిరగబడింది. ఇక్కడ పనివాడి నేర్పు చవకగా దొరికేది, దానితో పోలిస్తే వస్తువే ఖరీదు. ఆ మెకానిక్‌కు దక్కిన కూలి అతని నేర్పుకు ఏనాడూ సరితూగలేదని కూడా ఈ చరిత్రలో రాయాలి.

కీ ఇచ్చే వాచీని రోజూ పెట్టుకున్నవాళ్లకే దాని స్వభావం తెలుస్తుంది. చుట్ట చుట్టుకున్న ఉక్కు స్ప్రింగులో మన వేళ్ల బలం నిల్వ ఉంటుంది. అది విచ్చుకుంటూ చక్రాలను తోస్తుంది. బ్యాలెన్స్ చక్రం గంటకు 18,000 సార్లు కొట్టుకుంటూ ఆ తోపుడుకు పగ్గం వేస్తుంది. అంటే సెకనుకు ఐదు దెబ్బలు, రోజుకు 4,32,000, ఏడాదికి 15 కోట్లకు పైగా. ఇంత పనిలో రోజుకు 20 సెకన్లు ముందుకో వెనక్కో జరిగితే, 86,400 సెకన్లలో ఆ తేడా ఎంతని! బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీ దీనికంటే ఎంతో కచ్చితం. ఆ పోటీలో గెలవదని తెలిసే నేను ఏళ్లుగా పైలట్‌ను వదల్లేదు. పొద్దున లేవగానే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కీ గరగరలాడటం నాకు ఇష్టం.

ఆ కీ ఇవ్వడానికీ ఒక పద్ధతుంది. రోజూ ఒకే వేళకు ఇస్తే స్ప్రింగు బలం ఒకే తీరులో ఉండి నడక నిలకడగా ఉంటుంది. చేతికి ఉండగా ఇస్తే కీ పుల్ల ఒక పక్కకు వంగుతుంది కాబట్టి వాచీ విప్పి ఇవ్వాలి. ఇక తిరగనని కీ మొరాయించిన చోట ఆగాలి. కీ ఎక్కువైతే పాడవుతుందని పెద్దలు భయపెట్టేవారు గానీ, నిండిన స్ప్రింగు తనే ఆగిపోతుంది. చెరుపు చేసేది ఆ తర్వాత కూడా బలవంతంగా తిప్పడం, లోపల నూనె ఎండిపోయినా ఏళ్ల తరబడి అలాగే నడపడం. నాలుగైదేళ్లకోసారి మొత్తం విప్పి, కడిగి, నూనె వేయించాలి. ప్లాస్టిక్ అద్దం మీది గీతలు టూత్‌పేస్టు పెట్టి రుద్దితే చాలావరకు పోతాయి. మన ఉక్కపోతకు మొదట బలయ్యేది తోలు బెల్టు, ఆ తర్వాత వెనక మూత అంచున చేరే చెమట ఉప్పు. రాత్రి విప్పి మెత్తటి గుడ్డతో తుడిస్తే కేసు ఎంతో కాలం బతుకుతుంది. ఈ కాలపు శత్రువు అయస్కాంతం. ఫోన్ కవర్లు, స్పీకర్ల పక్కన పడేస్తే బ్యాలెన్స్ చక్రానికి ఉండే సన్నటి వెంట్రుక స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుని వాచీ ఒక్కసారిగా నిమిషాలు ముందుకు పరిగెడుతుంది. దానికి మందు మెకానిక్ దగ్గరుండే చిన్న పరికరం, కొన్ని సెకన్ల పని.

అప్పట్లో టైము సరిచేసుకోవడం ఊరందరి పనిగా ఉండేది. రేడియో వార్తలకు ముందు వచ్చే బీప్‌కు ఇళ్లలో ముళ్లు సర్దుకునేవారు. సింగరేణి ఊళ్లలో, మిల్లుల వీధుల్లో షిఫ్టు సైరనే కొలమానం. పెళ్లి మాటల్లో సైకిలు, రేడియోలతో పాటు వాచీ కూడా అడిగేవారు. ఆ వాచీ కోసం అప్పు చేసిన ఆడపిల్లల తండ్రుల బాధ కూడా ఈ చరిత్రలో భాగమే. హెచ్ఎంటీ చేసిన పనుల్లో నేను చేతులెత్తి దండం పెట్టేది మాత్రం చూపులేనివారి బ్రెయిలీ వాచీకి. మూత తెరిచి ముళ్లనూ చుక్కలనూ వేలితో తడిమి టైము తెలుసుకోవచ్చు. 1980ల్లో మన హైదరాబాద్ ఆల్విన్ కూడా జపాన్ సీకో కంపెనీ సహకారంతో వాచీలు తెచ్చింది. బస్సు బాడీలూ ఫ్రిజ్‌లూ చేసిన సంస్థ పేరు కొన్నేళ్లు మన ముంజేతుల మీద కూడా కనిపించింది.

మిగతాది చాలామంది చూసిన చరిత్రే. టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ కలిసి పెట్టిన టైటాన్ 1987లో క్వార్ట్జ్ వాచీలతో బజారుకు వచ్చింది. నాజూకైన ఆకారం, కీ ఇచ్చే పని లేకపోవడం జనానికి నచ్చాయి. హెచ్ఎంటీ తేరుకోలేకపోయింది. 2016 జనవరిలో కేంద్రం వాచీల సంస్థ మూసివేతకు ఆమోదం తెలిపింది. పేరు మాత్రం ఊహించని చోట మిగిలింది. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రైతు దాదాజీ ఖోబ్రాగడే తన పొలంలో ఎంపిక చేసి పెంచిన సన్నరకం వరికి, అప్పట్లో వాచీకున్న పేరు చూసి హెచ్ఎంటీ అని పెట్టారు. తెలంగాణ, ఆంధ్ర వంటిళ్లలో ఈ రోజూ ఉడుకుతున్న హెచ్ఎంటీ బియ్యం అదే.

ఇప్పుడు పాత హెచ్ఎంటీలకు మళ్లీ గిరాకీ వచ్చింది. కుర్రాళ్లు వెతికి మరీ కొంటున్నారు, నాకు సంతోషంగా ఉంది. అయితే ఎర్ర డయల్, ఆకుపచ్చ డయల్, కొత్త నాణెంలా మెరిసే జవాన్ కనిపిస్తే ఆగి చూడాలి. పాత డయల్ చెరిపి మళ్లీ రంగు వేసి అమ్మేవి చాలా ఉన్నాయి. అక్షరాల అంచులు అలికినట్టు ఉన్నా, అంకెలు గుర్తుల మీద సరిగా కూర్చోకపోయినా అనుమానించాలి. వెనక మూత తీయించి యంత్రం మీద తుప్పు ఉందేమో చూడాలి, కీ నిండా ఇచ్చి ఒక రోజంతా నడిపించి చూడాలి. అన్నిటికంటే ముందు మీ ఊళ్లో 0231 విప్పగలిగిన మెకానిక్ ఇంకా దుకాణం తెరుస్తున్నాడేమో కనుక్కోండి. చాలా ఊళ్లలో వాళ్ల పిల్లలు ఈ పని నేర్చుకోలేదు. ఉన్నవాళ్లకు పని ఇవ్వండి, అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి.