ఇంట్లోవాళ్లే అడిగిన ప్రశ్న

1987లో అమెరికాలో జిమ్ బేకర్ టీవీ పరిచర్య కుప్పకూలింది. విశ్వాసుల్ని మోసం చేసి డబ్బు రాబట్టాడని రుజువై 1989లో ఆయన జైలుకి వెళ్లాడు. 'ప్రాస్పెరిటీ గాస్పెల్', అంటే సమృద్ధి సువార్త మీద క్రైస్తవుల విమర్శ అప్పుడే మొదలైందని చాలామంది అనుకుంటారు. కానీ అది అంతకు ముందే పుట్టింది. పుట్టించింది నాస్తికులో విలేకరులో కాదు. స్వస్థత ప్రార్థనల్ని, అన్యభాషల్ని మనసారా నమ్మే పెంతెకొస్తు వాళ్లే.

గొడవకు మూలం ఒక చిన్న వచనం. 1947లో ఓక్లహోమాలోని ఈనిడ్‌లో పాస్టరుగా ఉన్న ఓరల్ రాబర్ట్స్ బైబిలు తెరవగానే యోహాను మూడవ పత్రిక రెండో వచనం కంటబడింది. గాయు అనే మిత్రుడు అన్నిటా వర్ధిల్లాలనీ ఆరోగ్యంగా ఉండాలనీ కోరుతూ రాసిన మాట అది. దేవుడు తన పిల్లలకు సంపద కూడా ఇవ్వాలనుకుంటున్నాడని రాబర్ట్స్‌కు అందులో తోచింది. ఆ తర్వాత కొత్త బ్యూక్ కారు దొరకడం ఆయనకు దానికి సాక్ష్యమైంది. క్రమంగా అది 'విశ్వాస విత్తనం' బోధగా ఎదిగింది: కానుక విత్తు, పంట కోసం చూడు. మన క్రైస్తవ చానళ్లు చూసేవాళ్లకూ ఈ విత్తనం మాట కొత్త కాదు.

గోర్డన్ ఫీ అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ సేవకుడు, ఆ సంఘం పాస్టరు కొడుకు, కొత్త నిబంధన పండితుడు. ఆయన 1979లో ఈ బోధను రోగమని పేరుపెట్టి మరీ ఒక చిన్న పుస్తకం రాశాడు. ఆ వచనం వాగ్దానం కాదు, ఆ కాలపు ఉత్తరాల్లో మామూలు పలకరింపు అన్నది ఆయన వాదన. ఈజిప్టు ఇసుకలో బయటపడ్డ గ్రీకు ఉత్తరాలు చూస్తే సంగతి తెలిసిపోతుంది. ఊరికి దూరంగా ఉన్న సైనికుడు తండ్రికి రాసినా, ముందు నీ ఆరోగ్యం కోసం ప్రార్థిస్తున్నానని రాసి, ఆ తర్వాతే అసలు విషయంలోకి వెళ్లేవాడు. మన ఉత్తరాల్లో 'ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను' అని రాసుకున్నట్టే. ఆ ముక్క చూపించి మావయ్య నాకు జీవితాంతం ఆరోగ్యం రాసిచ్చాడని ఎవరైనా అంటే ఏం చేస్తాం?

మరుసటి ఏడాదే అసెంబ్లీస్ ఆఫ్ గాడ్, కోరింది నోటితో ఒప్పుకుంటే దక్కుతుందనే బోధ మీద అభ్యంతరాలు చెబుతూ అధికారిక పత్రం వెలువరించింది.

నాకు మరీ ముచ్చటగా అనిపించేది తర్వాతి ఘట్టం. 1982లో డి.ఆర్. మెకానెల్ అనే విద్యార్థి ఈ బోధను వ్యాపింపజేసిన ఉద్యమం మూలాల మీద ఎం.ఏ. సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. ఎక్కడనుకున్నారు? ఓరల్ రాబర్ట్స్ విశ్వవిద్యాలయంలోనే! 1988లో అదే పుస్తకమైంది. అందులో ఈ ఉద్యమానికి తండ్రిలాంటి కెన్నెత్ హేగిన్ రచనల్నీ, ఆయనకంటే ముందుతరం వాడైన ఇ.డబ్ల్యు. కెన్యన్ రచనల్నీ పక్కపక్కన అచ్చువేశాడు. పేరాలకు పేరాలు ఒకటే! దర్శనాల్లో క్రీస్తే తనకు నేర్పాడని చెప్పుకున్న బోధకుడికి ఇది చిన్న దెబ్బ కాదు. కెన్యన్ భావాలు బోస్టన్‌లోని 'న్యూ థాట్' (ఆలోచనతోనే జబ్బు నయమవుతుందనే ధోరణి) తాత్త్వికుల నుంచి వచ్చాయని కూడా మెకానెల్ అన్నాడు. అక్కడ ఆయన కాస్త తొందరపడ్డాడనిపిస్తుంది. ఆనాటి సువార్తికుల స్వస్థత ఉద్యమాల ప్రభావమే కెన్యన్ మీద ఎక్కువని తర్వాతి పరిశోధకులు కొందరు వాదించారు. నకలు సంగతి మాత్రం అలాగే నిలిచింది.

ఇంతవరకూ ఇది అమెరికన్ల ఇంటి తగవు. తర్వాత ఇది ఆఫ్రికాకూ చేరింది. 2008, 2009లలో ఘనాలోని అక్రొపాంగ్‌లో లౌసాన్ ఉద్యమం అనే ప్రపంచ సువార్తికుల వేదికకు చెందిన ఆఫ్రికా వేదాంతులు సమావేశమై ఒక ప్రకటన తయారుచేశారు. ఆత్మీయ స్థితిని ఆస్తితో కొలవడం తప్పన్నారు. ఈ బోధతో బాగుపడేది ఎక్కువగా బోధకులేనన్నారు. అయితే ఫీ, మెకానెల్ కంటే వీళ్లు ఒక అడుగు ముందుకేశారు. ఈ బోధ ఘోరమైన పేదరికం ఉన్నచోట పెరుగుతోందనీ, చాలామందికి కనిపించే ఆశ అదొక్కటేననీ ఒప్పుకున్నారు. అందుకే ఆ ప్రకటన ఆ బోధకుల దగ్గరికి వెళ్లే పేదవాణ్ణి ఎక్కడా ఎగతాళి చేయదు. 2010లో అదే ఉద్యమం వారి కేప్‌టౌన్ మహాసభ పత్రంలోకి ఈ విమర్శ చేరినప్పుడు, దాన్ని పెట్టింది సంఘం దురాశ అనే విగ్రహారాధన మాని నిరాడంబరంగా బతకాలని చెప్పే భాగంలో.