చుట్టరికం దారిన సువార్త: పాలమూరు మెన్నోనైట్లు, హైదరాబాదు మార్మన్ల చరిత్రలో వ్యక్తిగత బంధాల పాత్ర

ఉపోద్ఘాతం

తెలుగునాట క్రైస్తవ మిషన్ల చరిత్ర చాలావరకు కేంద్రాల చరిత్రగానే మనకు అందింది. ఏ ఊళ్లో బంగళా ఎప్పుడు కట్టారు, ఏ దొర ఎన్నేళ్లు ఉన్నాడు, ఏ సంవత్సరం ఎందరు బాప్తిస్మం తీసుకున్నారు అనే వివరాలే నివేదికల నిండా కనిపిస్తాయి. వాడలో ఒక ఇంటివాళ్లు పక్కింటివాళ్లకు ఏం చెప్పారో, పెళ్లికో చావుకో వచ్చిన చుట్టం ఏ మాట విని తిరిగి వెళ్లాడో ఆ లెక్కల్లో ఉండదు. నిజానికి విశ్వాసం సాగింది ఎక్కువగా ఆ దారినే.

ఇక్కడ రెండు సంఘాలను పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. ఒకటి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల ప్రాంతాల్లో పాతుకున్న మెన్నోనైట్ బ్రదరన్ సంఘం. రెండోది మార్మన్లుగా అందరూ పిలిచే కడవరి దిన పరిశుద్ధుల యేసు క్రీస్తు సంఘం. సిద్ధాంతంలో ఈ రెంటికీ పొత్తు లేదు. అయినా తెలుగు నేల మీద రెండూ మనిషికీ మనిషికీ మధ్య ఉన్న చిన్న బంధాన్ని పట్టుకునే నిలిచాయి. ఆ బంధం బలమెంతో, దాని హద్దు ఎక్కడో తేల్చడం ఈ వ్యాసం ఉద్దేశం.

సిద్ధాంత నేపథ్యం

మతాంతరీకరణలో వ్యక్తిగత బంధాల పాత్రను లెక్కలతో చూపిన అధ్యయనాల్లో ముఖ్యమైనది 1980లో రోడ్నీ స్టార్క్, విలియం బెయిన్‌బ్రిడ్జ్ అనే సామాజిక శాస్త్రవేత్తలు ప్రచురించిన వ్యాసం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 1976-77లో మార్మన్ మిషనరీలు నమోదు చేసిన వివరాలను వారు పరిశీలించారు. పరిచయం లేని ఇంటి తలుపు తట్టినప్పుడు దాదాపు వెయ్యి ప్రయత్నాలకు ఒక్కటి ఫలించింది. మార్మన్ స్నేహితుడి ఇంట్లోనో బంధువు ఇంట్లోనో మిషనరీ మొదటిసారి కలిసినప్పుడు దాదాపు సగం ప్రయత్నాలు ఫలించాయి. చెప్పే సిద్ధాంతం రెండుచోట్లా ఒకటే. వింటున్న మనిషి పక్కన తనకు తెలిసిన మనిషి కూర్చున్నాడా లేదా అన్నదొక్కటే తేడా.

ఈ చర్చకు రెండో ఆధారం మన పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచే దొరుకుతుంది. మానవశాస్త్రవేత్త పాల్ హీబర్ట్ 1932లో శంషాబాదులో మిషనరీ దంపతులకు పుట్టాడు. 1899లో తెలుగు నేలకు వచ్చిన తొలి అమెరికన్ మెన్నోనైట్ బ్రదరన్ మిషనరీల్లో ఒకరైన ఎన్.ఎన్. హీబర్ట్ ఆయన తాత. పాల్ హీబర్ట్ పాలమూరు జిల్లా గ్రామ జీవితాన్ని పరిశోధించి 1971లో ‘కొండూరు’ అనే గ్రంథం వెలువరించాడు. 1978లో రాసిన మరో వ్యాసంలో పాపయ్య అనే తెలుగు రైతుకూలీని ఊహించుకుని ఒక ప్రశ్న వేశాడు. చదువు రాని మనిషి సువార్తను ఒక్కసారి విన్నంత మాత్రాన క్రైస్తవుడు కాగలడా? సభ్యత్వాన్ని గీత గీసి, లోపలివారు బయటివారు అని విడగొట్టి చూస్తే జవాబు దొరకడం కష్టమని ఆయన వాదన. మనిషి కేంద్రం వైపు తిరిగాడా లేదా అని చూడాలన్నాడు. ఈ చూపుతో చూస్తే బాప్తిస్మం పట్టికలో ఎక్కని పరిచయాలకు కూడా చరిత్రలో చోటు దక్కుతుంది.

పాలమూరులో మిషన్ అడుగులు

రష్యా సామ్రాజ్యంలోని జర్మన్ భాషీయ మెన్నోనైట్లలో 1860లో మెన్నోనైట్ బ్రదరన్ శాఖ ఏర్పడింది. ఆ శాఖ నుంచి అబ్రహాం ఫ్రీజెన్ 1889లో నిజాం రాజ్యానికి వచ్చి, అమెరికన్ బాప్టిస్టులతో కలిసి నల్లగొండలో పని మొదలుపెట్టాడు. తర్వాత వచ్చిన అమెరికన్ శాఖ దక్షిణానికి విస్తరించింది. డేనియల్ బెర్గ్‌తోల్డ్ నాగర్‌కర్నూల్‌ను కేంద్రం చేసుకున్నాడు. 1920లో అక్కడ ఆరంభమైన బేతని బైబిలు పాఠశాల తర్వాతి కాలంలో శంషాబాదుకు మారింది. వనపర్తిలో ఫ్రాంక్ జాన్జెన్ కేంద్రాన్ని నెలకొల్పాడు. బాప్టిస్టులు 1885 నుంచి పాలమూరులో పనిచేస్తూ వచ్చారు. వారి చేతుల్లోని మహబూబ్‌నగర్, గద్వాల క్షేత్రాలు 1937లో మెన్నోనైట్ బ్రదరన్ మిషన్‌కు దక్కాయి.

ఈ కేంద్రాల మధ్య దూరాలు, మధ్యలో కృష్ణానది, వానాకాలంలో తెగిపోయే బండి బాటలు తలచుకుంటే ఒక సంగతి తేటపడుతుంది. నలుగురైదుగురు విదేశీయులు ఇన్ని వందల ఊళ్లలో సంఘాలు కట్టడం అయ్యే పని కాదు. చలికాలంలో గుడారాలు వేసుకుని దొరలు ఊళ్లు తిరిగిన మాట నిజమే. గుడారం ఎత్తేశాక వాడలో మిగిలేది ఎవరు? తెలుగు బోధకుడు, ఆయన భార్య, ఇళ్లకు వెళ్లి ఆడవాళ్లకు బైబిలు చెప్పే ‘బైబిలు స్త్రీ’, వారి చుట్టాలు. సంఘాన్ని ఏడాది పొడవునా నిలిపింది వాళ్లే.

మూడు రకాల బంధాలు

మొదటిది చుట్టరికం. తెలుగునాట దీనికి తొలి పెద్ద సాక్ష్యం ఒంగోలులో ఉంది. 1866లో బాప్తిస్మం పొందిన యెర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. వ్యాపారం మీద తిరిగిన ఊళ్లలో ఆయనకు చుట్టాలున్నారు. ఆ దారుల వెంటే మాట పాకింది. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న ఘటనను సాధారణంగా కరువుకు, బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కల్పించిన పనికి ముడిపెడతారు. కరువు ఒక్కటే కారణమైతే కాలువ గట్టున పనిచేసిన కులాలన్నీ ఒకే తీరున కదిలి ఉండాలి. కదిలింది ప్రధానంగా మాదిగలు. పేరయ్య తరం పన్నెండేళ్లుగా తిరిగిన దారులు అందుకు ముందే సిద్ధంగా ఉన్నాయి. పాలమూరు సంఘాలు కూడా ఎక్కువగా మాల, మాదిగ వాడల్లోనే, ఒక ఇంటి నుంచి వియ్యపు ఇంటికి, అక్కడి నుంచి మేనమామ ఊరికి పెరిగాయి.

రెండోది సేవా బంధం. హోమియో వైద్యం చదివిన డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ 1907లో ఇక్కడికి వచ్చింది. నాగర్‌కర్నూల్‌లోనూ, తర్వాత శంషాబాదులోనూ పనిచేసి, 1945 జనవరి 1న కన్నుమూసేదాకా ఈ ప్రజల మధ్యే ఉండిపోయింది. పరదా పాటించే ఇళ్లలోని స్త్రీలు మగ వైద్యుడికి చూపించుకోని కాలమది. కాన్పు కష్టమైన వేళ గడప దాటి లోపలికి వెళ్లే అవకాశం ఆడ వైద్యురాలికే ఉండేది. అక్కడ ఏర్పడిన నమ్మకం బాప్తిస్మంగా మారకపోయినా బంధంగా మిగులుతుంది. 1950లలో జడ్చర్లలో పెరిగిన మిషన్ ఆసుపత్రి ఆ నమ్మకానికి కొనసాగింపు.

మూడోది ఆడవాళ్ల మాట. బైబిలు స్త్రీల మీద జేమ్స్ ఎలీషా తనేటి 2013లో వెలువరించిన గ్రంథం, తెలుగు మహిళలు మిషన్‌కు సహాయకులు మాత్రమే కారని, స్వయంగా ప్రచారకులని నిరూపించింది. పాలమూరు పల్లెల్లో ఊరంతా వరసలు కలుపుకుని పిలుచుకుంటారు. అత్తా, వదినా అంటూ ఇంట్లోకి వెళ్లగలిగిన మనిషి చెప్పే మాటకూ, బంగళా నుంచి వచ్చిన దొరసాని చెప్పే మాటకూ వినేవాళ్ల దృష్టిలో తేడా ఉంటుంది. చేల గట్ల మీద, బావి దగ్గర, బాలింత మంచం పక్కన సాగిన ఈ మాటలను నివేదికలు ‘ఇంటి దర్శనాలు’ అనే ఒక్క అంకెలో సర్దేశాయి.

హైదరాబాదులో మార్మన్ల మొదటి అడుగు

తెలుగు మార్మన్ల కథ సరిగ్గా ఒక కుటుంబంతో మొదలైంది. కీటక శాస్త్రవేత్త ఎడ్విన్ ధర్మరాజు, ఆయన భార్య ఎల్సీ ఉద్యోగరీత్యా సమోవా దీవుల్లో ఉన్నప్పుడు 1977లో ఆ సంఘంలో చేరారు. 1978 డిసెంబరులో ప్రత్యేక మిషనరీలుగా హైదరాబాదు వచ్చి తమ బంధువులకు ఆ విశ్వాసం గురించి చెప్పారు. 22 మంది బంధువులు బాప్తిస్మం తీసుకున్నారు. ఎల్సీ తండ్రి, బాప్టిస్టు పాదిరి పి. శ్రీనివాసం మార్మన్ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చే పనిలో పాలుపంచుకున్నారు. అందులోని ఎంపిక చేసిన భాగాలు 1982లో తెలుగులో వచ్చాయి. 1993లో బెంగళూరు కేంద్రంగా మిషన్ ఏర్పడింది. 2012లో భారతదేశంలోని తొలి ‘స్టేక్’, అంటే అనేక స్థానిక సంఘాల సమూహం, హైదరాబాదులోనే ఏర్పాటైంది.

వాషింగ్టన్ లెక్కలు చెప్పిందే ఇక్కడ ఒక బంధువర్గంలో జరిగింది. మార్మన్ల పద్ధతిలో యువకులు రెండేళ్లు, యువతులు ఏడాదిన్నర ఇల్లు విడిచి జంటలుగా సేవ చేస్తారు. సేవ ముగిశాక వెళ్లిపోతారు. వాళ్లు వెళ్లాక కొత్త విశ్వాసిని పలకరించేది, ఆసుపత్రికి తోడు వెళ్లేది స్థానిక సభ్యుడే. 2018లో ఆ సంఘం నెలనెలా ఇళ్లకు వెళ్లే పాత విధానాన్ని ఎత్తివేసి, అవసరాన్ని బట్టి మనిషిని పట్టించుకునే పద్ధతిని తెచ్చింది. లెక్క కన్నా పలకరింపు ముఖ్యమని సంస్థే అంగీకరించిన సందర్భమిది.

బంధానికి హద్దులు

చుట్టరికం దారిన నడిచిన విశ్వాసం చుట్టరికం ఆగినచోట ఆగుతుంది. మన సమాజంలో పెళ్లి కులం లోపలే జరుగుతుంది. అందుకే సువార్త మాదిగవాడ నుంచి మరో ఊరి మాదిగవాడకు సులువుగా చేరింది గాని అదే ఊళ్లోని పెద్దకులాల వీధికి చేరలేదు. మాల, మాదిగ సంఘాల మధ్య ఎడం కూడా ప్రార్థన మందిరంలోకి వచ్చి కూర్చుంది. ధర్మరాజు కుటుంబం విషయంలోనూ కదిలింది అప్పటికే క్రైస్తవులైన బంధువర్గం. ఈ గీతను కొంతైనా దాటగలిగింది వైద్యం, చదువు, వసతి గృహం. అక్కడ ఏర్పడిన పరిచయం పుట్టుకతో వచ్చింది కాదు గనుక అది కులానికి కట్టుబడలేదు.

మరో హద్దు అధికారం. బియ్యం, మందు, ఉద్యోగం ఇచ్చే చేయికీ పుచ్చుకునే చేయికీ మధ్య స్నేహం సమానంగా ఉండదు. మనిషి మీద ప్రేమ అతని బాప్తిస్మం కోసమే అయితే, అతను కాదన్న రోజున ఆ ప్రేమ ఆగిపోతుంది. అది సేవ అనిపించుకోదు. పాలమూరులో బంధాలకు ఆ పరీక్ష నిజంగానే ఎదురైంది. 1970ల నాటికి విదేశీ మిషనరీలు దాదాపుగా వెళ్లిపోయారు. అయినా పాలమూరు సంఘాలు కూలిపోలేదు. బొంబాయికో హైదరాబాదుకో మేస్త్రీ వెంట వలస వెళ్లిన కుటుంబాలు వెళ్లినచోట కూడా కూటాలు పెట్టుకున్నాయి. డబ్బు, బంగళా వెళ్లిపోయాక ఏ బంధాలు మిగిలాయో అవే నిజమైనవి.

ముగింపు

రెండు సంఘాల అనుభవం ఒకే నిర్ధారణకు చేరుస్తోంది. మిషనరీ సేవలో వ్యక్తిగత బంధం ప్రచారానికి తోడుగా వచ్చే అదనపు హంగు కాదు, సేవకు అదే పునాది. అది కులం గీత లోపల ముడుచుకుంటే సంఘం ముడుచుకుంటుంది, ఆ గీత దాటితే సంఘం విస్తరిస్తుంది. కాబట్టి చరిత్రకారుడు బంగళా రిజిస్టరుతో ఆగకుండా వాడకు వెళ్లాలి. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల ఊళ్లలో బైబిలు స్త్రీల కూతుళ్లు, మనవరాళ్లు, తొలితరం బోధకుల కుటుంబాలు ఇంకా ఉన్నాయి. వారి జ్ఞాపకాలను వారి పాలమూరు మాటల్లోనే రికార్డు చేయడం ఆలస్యం చేయగూడని పని. పాలమూరు విశ్వవిద్యాలయం చరిత్ర పరిశోధకులు, స్థానిక సంఘాల పెద్దలు కలిసి ఈ పనిని వెంటనే చేపట్టాలని కోరుతున్నాను.